చెన్నయ్యకి కాచిన నీళ్ళు

ఒరే తేజా, ఆ పక్కగదిలో పంకా ఎవరికోసంరా తిరుగుతోంది? గోడలకి చెమట పడుతోందా? వెళ్ళి కట్టేసి రా. లాస్యా, నువ్వూ లే. బాత్‌రూములో కొళాయి బొట్టు బొట్టుగా కారుతోంది, నాకిక్కడికి వినపడుతోంది, గట్టిగా తిప్పి రా. ఆఁ, వచ్చారా? ఇప్పుడిద్దరూ నాకు చెరోపక్కా పడుకోండి. ముగ్గురికీ ఒక్క పంకా చాల్లే.

మీ అమ్మ ఇందాక కరెంటు బిల్లు చూసుకుని మీ మీద అరిచింది కదా, ఆ అరుపులు నేను మళ్ళీ అరవను. నా గొంతులో అంత సత్తువ లేదు. కథ చెప్తాను. కాకపోతే ఇందులో ఏడుపుంది, ముందే చెప్తున్నా. తర్వాత అమ్మమ్మా ఏడిపించావని నామీద పడకండి. ఊ మాత్రం గట్టిగా కొట్టాలి. మీరు ఊ కొట్టకపోతే నేను అటు తిరిగి పడుకుంటా, సగం కథ నా దగ్గరే ఉండిపోతుంది.

అనగనగా ఒక ఊరు. ఊరంటే పచ్చటి ఊరు కాదు, నోరెండిన ఊరు. ఏరు లేదు, వాగు లేదు, వానెప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. ఊరంతటికీ ఒకటే బావి, రాజుగారి బావి. ఎంత లోతంటావా? చేద వేసి, ఇంటికెళ్ళి అన్నం తిని, చెయ్యి కడుక్కుని వస్తే అప్పుడు నీళ్ళు తాకిన చప్పుడు వినపడేదట. నవ్వుతారేం? మా అమ్మమ్మ అట్లాగే చెప్పింది, నేనూ అట్లాగే చెప్తాను.

ఆ ఊళ్ళో అచ్చమ్మ అని ఒకావిడ. మొగుడు ఏనాడో పోయాడు. ఒక్కడే కొడుకు, పేరు చెన్నయ్య. చెన్నయ్య పెళ్ళాం పేరిందేవి. ఈ కథ ఆ పేరిందేవిది. మంచి పిల్ల, చురుకైన పిల్ల, చేతికి అందిందల్లా అందంగా చేసే పిల్ల. కాస్త నోరుంది. నోరుంటే తప్పేంటి, నాకూ ఉంది.

చెన్నయ్య బావులు తవ్వే మనిషి. పొద్దున్నే గునపం భుజాన వేసుకుని వెళ్ళేవాడు, సాయంత్రం ఇంటికొచ్చేవాడు. వచ్చేటప్పటికి కళ్ళూ పళ్ళూ తప్ప మనిషి కనపడేవాడు కాదు, నెత్తి నుంచి గోళ్ళ దాకా మట్టే. ఆ మట్టితో గడప దాటేవాడు కాదు. నేరుగా పెరట్లోకి పోయి స్నానాల బండ మీద కూర్చుని, అమ్మా, నీళ్ళు అనేవాడు. అప్పటికే అచ్చమ్మ పొయ్యి మీద కాగు పెట్టి, నీళ్ళు సలసలా కాచి ఉంచేది. ఆవిడే పోసేది, ఆవిడే వీపు రుద్దేది. పెళ్ళయిన కొడుక్కి ఇంకా వీపు రుద్దడమేంటి అత్తా అని పేరిందేవి తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడి నవ్వేది. చెన్నయ్య కూడా నవ్వేవాడు. అట్లా నవ్వుకుంటూ ఉండేవాళ్ళు ముగ్గురూ.

ఊ కొట్టు తేజా. ఇక్కణ్ణించే మొదలు.

ఒక ఏడాది రాజుగారికి, ఊరికి ఒక్క బావి చాలట్లేదు, రెండోది తవ్వించాలి అని బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే, కాదనను. చెన్నయ్యనీ ఇంకొందరినీ పిలిపించాడు. తవ్వారు, తవ్వారు, ఇంకా తవ్వారు. అడుగున కాస్త చెమ్మ తగిలిందని చెన్నయ్య పైకి కేక కూడా వేశాడట. ఆ కేక వేసిన కాసేపటికే పక్క మట్టి విరిగి పడింది. మిగతావాళ్ళని తాళ్ళేసి లాగారు. చెన్నయ్య మాత్రం దొరకలేదు.

ఊరు ఊరంతా తట్టలు పట్టుకుని మట్టి తోడింది. తోడేకొద్దీ పక్కనుంచి జారుతుంది, జారేకొద్దీ తోడుతారు. చివరికి రాజుగారి మనుషులు వచ్చి, ఇంక తోడితే ఇంకొందరు పోతారు అని ఆ గొయ్యి పూడ్చేశారు. ఊరిబయట ఒక మట్టిదిబ్బ మిగిలింది, అంతే. మనిషిని ఎవరూ చూడలేదు.

అచ్చమ్మ ఏమందో తెలుసా? నేను కళ్ళారా చూశానా, చూడలేదు. చూడనిది నేను నమ్మను అంది. భూమి అడుగున సొరంగాలుంటాయి, వాడికి భూమి సంగతి తెలుసు, ఏదో దారిన పడి ఎక్కడో తేలుంటాడు, నడుచుకుంటూ వస్తాడు అంది. ఆ సాయంత్రం పొయ్యి వెలిగించి కాగు పెట్టింది. నీళ్ళు కాచి గుమ్మంలో కూర్చుంది. మర్నాడు సాయంత్రమూ కాచింది, ఆ మర్నాడూ కాచింది. పిచ్చిది అనుకోకండిరా. కన్నవాళ్ళకి అట్లాగే ఉంటుంది.

ఊళ్ళో పెద్దాడవాళ్ళు నలుగురు వచ్చారు, పేరిందేవికి చెయ్యాల్సినవేవో చెయ్యాలని. అచ్చమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, నా కొడుకు ఊరెళ్ళాడు, నా కోడలి గాజుల జోలికి వస్తే మర్యాదగా ఉండదు అని పంపించేసింది. దాంతో పేరిందేవి పరిస్థితి ఎట్లా అయిందంటే, చేతికి గాజులున్నాయి, మనసులో మనిషి పోయాడని తెలుసు. ఇంట్లో ఏడిస్తే అత్త ఎదుట మొగుడు పోయాడని ఒప్పుకున్నట్టు. ఏడవకపోతే గుండెలో రాయి. పాపం, కలుపు తియ్యడానికి పోయినప్పుడు చేలో వంగుని ఏడ్చేది. వంగుని ఏడిస్తే ఎవరికీ కనపడదుగా.

ఇంకోటి చెప్పాలి మీకు. ఆ ఊళ్ళో ఒక నమ్మకం ఉండేది. ఒకరికని కాచిన నీళ్ళు ఇంకొకరు పోసుకుంటే, ఆ మొదటి మనిషి ఇంటిదారి మర్చిపోతాడని. అందుకని ఆ కాగులో నీళ్ళు ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. పొద్దున్నకి చల్లారిపోయేవి. అచ్చమ్మ వాటిని చెన్నయ్య కూర్చునే బండ మీదే పోసేసి, సాయంత్రానికి మళ్ళీ కొత్తనీళ్ళు పెట్టేది.

అట్లా ఎన్నాళ్ళు గడుస్తుంది? రెండో బావి రాలేదు, ఉన్న బావిలో నీళ్ళు అడుగంటుతున్నాయి. రాజుగారు మేడమీద కూర్చుని ఒక ఆజ్ఞ వేశాడు. ఇంటికి ఒక కుండ నీళ్ళు వెళ్తే ఆ ఇంటి గోడ మీద తెల్లటి సున్నపు బొట్టు. రాజుగారి అడవినుంచి ఒక మోపు కట్టెలు వెళ్తే ఎర్రటి జాజు బొట్టు. పున్నమి పున్నమికీ తలారి వచ్చి బొట్లన్నీ చూసి, దానికి తగ్గ ధాన్యం కొలిపించుకుపోతాడు. మీ మీటరూ బిల్లూ లాంటిదే అనుకోండి, కాకపోతే ఊరందరికీ కనపడేట్టు గోడమీదే ఉంటుంది. ధాన్యం ఇవ్వలేకపోయారో, బావి గట్టున ఆ ఇంటి కుండ బోర్లించేస్తారు. కుండ బోర్లించారంటే ఇంక ఆ ఇంటికి నీళ్ళు లేవు. మూట కట్టుకుని ఊరు విడిచి పోవాల్సిందే.

ఏమిటీ, రాజుగారి మేడ గోడ మీద బొట్లు పెట్టారా అంటావా తేజా? ఒరే, నువ్వు నా మనవడివేరా. పెట్టలేదు. ఎక్కడన్నా పెడతారా?

మొదటి పున్నమి వచ్చేసరికి అచ్చమ్మ గోడ చూడాలి. ఆటలమ్మ పోసిన పిల్లాడి ఒళ్ళులా ఉంది. ఉండదూ మరి? ఇద్దరాడవాళ్ళకి సరిపోను నీళ్ళు, దానిమీద రోజూ ఒక కాగు. ఇద్దరికి సరిపోను కట్టెలు, దానిమీద రోజూ ఆ కాగు కింద మంట. తలారి ధాన్యం కొలిపించుకున్నాడు. గాదెలో చెయ్యి పెడితే అడుగు తగిలింది. తలారి చెడ్డవాడేం కాదు. వెళ్ళేముందు పేరిందేవిని పక్కకి పిలిచి, అమ్మాయ్, ఇంకో పున్నమి ఇట్లాగే వస్తే మీ కుండ నా చేత్తోనే బోర్లించాల్సొస్తుంది, నాచేత ఆ పని చేయించకు అని చెప్పి వెళ్ళాడు.

పేరిందేవికి భయం పట్టుకుంది. తన కోసం కాదు. తనకి పుట్టిల్లుంది, అక్కడో నూయి ఉంది, ఎట్లాగో బతుకుతుంది. కానీ అచ్చమ్మ కదలదు. కదలమంటే, వాడొచ్చి చూస్తే తలుపుకి గొళ్ళెం పెట్టుంటే ఎక్కడికి పోతాడే అంటుంది. కుండ బోర్లించినా ఆవిడ ఆ గుమ్మంలోనే కూర్చుంటుంది. కూర్చుని, అక్కడే నాలిక పిడచకట్టుకుని పోతుంది. పేరిందేవికి అది కళ్ళముందు కనపడింది. మొగుణ్ణి మట్టి తీసుకుంది, ఈవిణ్ణి నేను ఇవ్వను అనుకుంది.

అనుకుని కొంగు బిగించింది. చూడండి మరి ఏమేం చేసిందో. కూర కడిగిన నీళ్ళు గిన్నెలకి. గిన్నెలు కడిగిన నీళ్ళు వాకిట్లో కళ్ళాపికి. కళ్ళాపికి పోగా మిగిలినవి బీరపాదుకి. బీరపాదు కాయలిస్తే కాయలు కూరకి. కూర కడిగిన నీళ్ళు మళ్ళీ గిన్నెలకి. చెప్పండి నాతోపాటు. కూర నీళ్ళు గిన్నెలకి, గిన్నెల నీళ్ళు వాకిలికి, వాకిలి నీళ్ళు పాదుకి, పాదు కాయ కూరకి. బాగుంది కదూ? ఎక్కడా ఒక్క చుక్క నేలమీద ఊరికే పడదు.

నీళ్ళకుండ అడుగున ఎప్పుడూ తడిగా ఉంటోందని చూసింది. కుండకి జుట్టంత పగులు. ఎవరికీ కనపడని పగులు, రోజూ చెంబెడు తాగేస్తోంది. బెల్లమూ సున్నమూ కలిపి నూరి ఆ పగులుకి పట్టించింది. నీ కొళాయి కూడా అంతేనే లాస్యా, బొట్టే కదా అనుకుంటావు. తెల్లారేసరికి బకెట్టు నిండుతుంది.

ఇంక పొయ్యి సంగతి. పప్పు రాత్రే నానబెట్టేది, పొద్దున్న చిటికెలో ఉడికేది. ఏ గిన్నె పొయ్యెక్కినా మూత లేకుండా ఎక్కేది కాదు. ఆ మూత ఉత్తగా ఉండటం ఎందుకని దాని మీద చిన్నగిన్నెతో నీళ్ళు పెట్టేది. కింద పప్పు ఉడుకుతుంటే పైన నీళ్ళు వేడెక్కేవి, అవే అన్నానికి ఎసరు. అన్నం మూడొంతులు ఉడకగానే కట్టెలు వెనక్కి లాగేసేది, మిగతాది ఆ నిప్పుల మీదే ఉమ్మగిల్లేది. ఆరిన బొగ్గులు కుండలో వేసి మూత పెట్టి మర్నాటికి దాచేది. దీపం చూస్తారా, వంటింటికీ నడవకీ మధ్యగోడలో ఒక గూడు తొలిచింది, అందులో ఒక్క దీపం పెడితే రెండువైపులా వెలుగే.

ఇవన్నీ చేసి గోడ వంక చూస్తే బొట్లు తగ్గాయి. తగ్గాయి గానీ చాలినంత తగ్గలేదు. ఎందుకు తగ్గుతాయి? కాగు కాగే. చల్లారిన కాగు నీళ్ళు బీరపాదుకి పోద్దామన్నా బీరపాదు ఎంత తాగుతుంది?

ఒక సాయంత్రం అచ్చమ్మ కాగు కింద కట్టెలు ఎగదోస్తోంది. పేరిందేవి పక్కన చతికిలబడి మెల్లగా, చాలా మెల్లగా అడిగింది, అత్తా, ఈ ఒక్క కాగు మానేస్తే మనం గట్టెక్కుతాం కదా అని.

అచ్చమ్మ మంటవంకే చూస్తూ, మానేస్తే వాడు రాడని నా నోటితో నేనే చెప్పినట్టు కాదుటే అంది.

పేరిందేవికి దుఃఖం వచ్చింది, దుఃఖం వచ్చి కోపంగా మారింది. అందరికీ అంతేగా, ఏడవలేనప్పుడు అరుస్తాం. మరి ఈ కాగెడు నీళ్ళూ ఎక్కణ్ణించి మిగల్చమంటావు, నన్ను పిండమంటావా అని అనేసింది. అన్న మరుక్షణం నాలిక కరుచుకుంది. కానీ మాట బయటికొచ్చేసిందిగా.

అచ్చమ్మకి కోపం రాలేదు. కోడలి వంక తిరిగి, నువ్వెందుకమ్మా, నేను మిగులుస్తాలే అంది. ముసలావిడ ఇంక కాస్త జాగ్రత్తగా వాడుతుంది కాబోలు అనుకుంది పేరిందేవి. మీరూ అదే అనుకున్నారు కదూ? ఊ.

ఆ తర్వాత నిజంగానే నీళ్ళు మిగలడం మొదలైంది. పేరిందేవి తెల్లారుతూనే చేలోకి పోయేది. పోయేముందు అత్తకి తాగడానికి ముంత నిండా, ఒళ్ళు కడుక్కోవడానికి బిందెలో సగం నీళ్ళు పక్కన పెట్టి వెళ్ళేది. పొద్దువాలి వచ్చేసరికి ఇంటి కుండలో తను అనుకున్నదానికన్నా ఎక్కువ నీళ్ళుండేవి. ఔరా, నా తెలివి అనుకుంది. పగులు పూడ్చినందుకు, కూర నీళ్ళు గిన్నెలకి వాడినందుకు అనుకుంది. స్నానం చేశావా అత్తా అని అడిగితే, ఎప్పుడో అయింది, చీర తీగ మీద ఆరేశాను కనపడట్లా అనేది అచ్చమ్మ. తీగ మీద చీర ఉండేది, అంచు తడిగా ఉండేది. అన్నం తిన్నావా అంటే తిన్నాననేది.

పున్నమి వచ్చింది. తలారి గోడ చూసి ఆశ్చర్యపోయాడు. ఉన్న ధాన్యం సరిపోయింది, ఇంకా కాస్త మిగిలింది. ఊళ్ళో ఆడవాళ్ళు పేరిందేవి దగ్గరికి నేర్చుకోడానికి వచ్చారు. పేరిందేవి గొప్పగా చెప్పింది, కూర నీళ్ళు గిన్నెలకి, గిన్నెల నీళ్ళు వాకిలికి అని. అచ్చమ్మ గుమ్మంలో కూర్చుని వింటోంది. నా కోడలు బంగారం అంటోంది. అంటుంటే పెదాలు చీలి ఉన్నాయి. పేరిందేవి చూడలేదు. చూడలేదంటే చెడ్డది కాదురా. గోడ మీద బొట్లు తగ్గుతుంటే చూపు గోడ మీదే ఉంటుంది, మనిషి మీదికి పోదు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు పేరిందేవి చేలోంచి వచ్చేసరికి ఇంకా వెలుగు ఉంది. పెరట్లో పొయ్యి మండుతోంది, కాగులో నీళ్ళు కళపెళా మరుగుతున్నాయి. కాగు పక్కన అచ్చమ్మ పడి ఉంది.

అత్తా అని పరిగెత్తి ఎత్తింది. ఎత్తితే బరువే లేదు. కళ్ళు లోపలికి పోయాయి, నాలిక అంగిట్లో అతుక్కుపోయింది. ముంత తెచ్చి నోట్లో నీళ్ళు పోయబోయింది. అచ్చమ్మ ఏం చేసిందో తెలుసా? పళ్ళు బిగించింది. గొంతులో మాట రాదు, అయినా గుసగుసగా అంది, కుండలోవి వద్దే, బొట్టు పెడతారు.

పేరిందేవికి ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. తీగ దగ్గరికి పోయి చీర పట్టుకు చూసింది. అంచు ఒక్కటే తడి, మిగతా చీరంతా పొడిపొడిగా అప్పడంలా ఉంది. రోజూ ఆ అంచొకటే ముంచి తీగ మీద వేసేది. వెనక్కొచ్చి అత్త రవిక విప్పి చూస్తే, వీపంతా చెమటకాయలు పేలి పుళ్ళయి ఉన్నాయి, వాటి మీద మట్టి అట్ట కట్టి ఉంది. పొద్దున పెట్టి వెళ్ళిన ముంత నీళ్ళూ బిందె నీళ్ళూ తిరిగి కుండలోకే పోసేసేది. గుక్కెడు గొంతు తడుపుకునేది, అంతే. నీళ్ళు తాగకుండా అన్నం దిగుతుందా? దిగదు. అన్నమూ మానేసింది. కొడుకు కాగు ఆగకూడదని.

అవీ గోడ మీద తగ్గిన బొట్లు. అదీ కోడలు గొప్పగా ఊరందరికీ చెప్పుకున్న తెలివి. పేరిందేవి అక్కడే నేల మీద కూర్చుని, తల బాదుకుంది. నేనే అన్నాను, నన్ను పిండమంటావా అని నేనే అన్నాను, నిన్ను నువ్వే పిండుకున్నావా అత్తా అని. నాకు ఈ చోట చెప్పడం చేతకాదు. కాసేపు ఉండండి.

ఊ. సరే.

బలవంతాన గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు పట్టించింది. మజ్జిగలో ఉప్పేసి తాగించింది. అచ్చమ్మ కళ్ళు తెరిచింది. అప్పుడు పేరిందేవి లేచి, ఆవిణ్ణి నడుం దగ్గర పట్టుకుని తీసుకెళ్ళి స్నానాల బండ మీద కూర్చోబెట్టింది. కాగులోంచి ఒక చెంబు ముంచింది.

అచ్చమ్మ ఉలిక్కిపడింది. "ముట్టుకోకు, అవి వాడివి!"

"వాడివే అత్తా. ఇప్పుడీ గుమ్మంలోకి నీ కొడుకు వచ్చాడనుకో. నిన్నిట్లా చూశాడనుకో. ఈ నీళ్ళు తను పోసుకుంటాడా, నీకు పోస్తాడా?"

అచ్చమ్మ అడ్డం పెట్టబోయిన చెయ్యి దించేసింది. కొడుకు ఎట్లాంటివాడో ఆవిడకి తెలుసుగా. పేరిందేవికీ భయమే. ఆ నీళ్ళు ఇంకొకరి మీద పడితే మనిషి దారి మర్చిపోతాడని తనూ నమ్మిన పిల్లే కదా. తనకి మాత్రం ఆశ లేదా? ఎక్కడో మూల, ఎంతో కొంత ఉంటుంది. ప్రతి సాయంత్రం కాగులోంచి పొగలు వస్తుంటే తనూ వీధివైపు ఒక చూపు చూసిన పిల్లే. అయినా చన్నీళ్ళు కలిపి వేడి సరిచూసి, మొదటి చెంబు అత్త పాదాల మీద పోసింది. రెండోది భుజాల మీద పోసింది. సున్నిపిండి తెచ్చి మెల్లగా రుద్దింది. రుద్దుతుంటే మట్టి దిగింది. జలజలా ఎర్రమట్టి నీళ్ళు బండ మీంచి కిందికి పారాయి, అచ్చం చెన్నయ్య స్నానం చేసేటప్పుడు పారినట్టే.

అచ్చమ్మ ఆ మట్టినీళ్ళ వంక చూసింది. చూసి, "పేరిందేవీ, ఇంక వాడు రాడు కదే" అంది.

"రాడత్తా" అంది పేరిందేవి.

అంతే. అన్నాళ్ళనుంచీ ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది. అప్పుడు ఏడ్చారు చూడండి ఇద్దరూ. తడిబట్టలతో ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని, బండ మీదే కూర్చుని ఏడ్చారు. ఊరంతా వచ్చింది. తలారి సున్నపుకుంచె చేత్తో పట్టుకుని వచ్చినవాడు, దాన్ని గోడవారన పడేసి తనూ కళ్ళొత్తుకున్నాడు. అన్నాళ్ళు ఆపుకున్నాక ఏడ్చే ఏడుపు ఇంకా కష్టంగా ఉంటుంది, ఎవరూ ఆపలేకపోయారు.

మర్నాడు ఆ దిబ్బ మీంచి గుప్పెడు మట్టి తెచ్చి, చెన్నయ్యకి చెయ్యాల్సినవన్నీ చేశారు. ఆ పెద్దాడవాళ్ళు మళ్ళీ వచ్చారు గాజుల మాటెత్తుకుని. అచ్చమ్మ గోడకి చేరగిలబడి ఉంది, లేచే ఓపిక లేదు, నోరు మాత్రం లేచింది. నా కొడుకు పోయాడని ఒప్పుకున్నాను, నా కోడలు మోడులా బతకాలని ఒప్పుకోలేదు, పోండి అంది. వాళ్ళు పోయారు. మంచిపని చేసిందా లేదా? చేసింది.

తర్వాత ఏమైందంటే, కాగు మానలేదు. రోజూ సాయంత్రం కాగు పెట్టారు, కాకపోతే సగానికి, అచ్చమ్మ ఒంటికి సరిపోయేంత. పేరిందేవి పోసేది, పేరిందేవే వీపు రుద్దేది. ఆ పుళ్ళు మానాయి. బండ మీంచి పారిన నీళ్ళు కాలవ చేసి బీరపాదుకి పెట్టారు. కొడుకు కాగూ తల్లి స్నానమూ ఒకటే అయ్యేసరికి, ఎవరూ ఏదీ మానుకోకుండానే బొట్లు తగ్గాయి. వాళ్ళ కుండ ఎవరూ బోర్లించలేదు.

ఇంకా చిత్రమేంటంటే, అంతకుముందు చుక్కనీరు పారబోస్తే ఊరుకోని పేరిందేవి, ఇప్పుడు చేలోంచి రాగానే ముందు అత్త పక్కన ముంత వంచి చూసేది. ముంతలో నీళ్ళు మిగిలుంటే కయ్యిమని లేచేది. ఎందుకు మిగిల్చావు, తాగమని కదా పెట్టింది అని. అచ్చమ్మ మురిసిపోతూ తిట్లు తినేది. వానలు పడ్డాయి, ధాన్యం ఇంటికొచ్చింది, ఒకళ్ళకొకళ్ళు తోడుగా ఆ ఇద్దరూ చాలాకాలం బతికారు. నవ్వారా అంటే నవ్వారు. ముగ్గురున్నప్పటి నవ్వు కాదులే, అయినా నవ్వే.

రాజుగారా? రాజుగారికి ఏం తెలుస్తుంది, మేడమీద ఉన్నాడుగా.

అందుకని మీకు చెప్పేదేంటంటే, పంకా కట్టెయ్యండి, కొళాయి తిప్పెయ్యండి, మీ అమ్మ చెప్పినట్టల్లా చెయ్యండి. పారబోసే దాంట్లోంచి ఎంత మిగిల్చినా మంచిదే. కానీ ఇంట్లో ఏదైనా ఉన్నట్టుండి ఎక్కువ మిగిలిందనుకోండి, సంబరపడే ముందు చుట్టూ ఒకసారి చూడండి, ఎవరు మానుకుంటున్నారో. మానుకునేవాళ్ళు చెప్పరు. అడగాలి.

ఏమిటే లాస్యా, లేచి కూర్చున్నావు? ఏడుస్తున్నావా? అయ్యో, పిచ్చిపిల్లా, ఇట్లా రా. ఏమిటీ? గట్టిగా చెప్పు, నాకు వినపడదు.

నేనా?

నేను పొద్దున్న వేణ్ణీళ్ళు పోసుకున్నానా అనా?

పోసుకున్నానే. వేడిగా... అంత వేడిగా కాదులే. ఆ గీజరు వేస్తే మీ అమ్మకి బిల్లు... సరే సరే, చేతులు పట్టుకోకు. రేపణ్ణించి వేణ్ణీళ్ళే పోసుకుంటాను. నువ్వే పోద్దువుగాని. ఒట్టు. ఒరే తేజా, నువ్వు కూడా లేచావా? పడుకోండిరా ఇద్దరూ. నాకేమైందని? నాకేం కాలేదు, మీరున్నారుగా.

కథేమో కంచి దారి పట్టి వెళ్ళిపోయింది. ఇంక కళ్ళు మూసుకోండి, మనం నిద్ర దారి పడదాం.